"ఇక్కడ లేడు" అని తేల్చడం: క్వారీ గుంతలో ఒక గాలింపు, కేస్ స్టడీ

నీళ్లలో మునిగిన మనిషిని వెతికే టీమ్ అనగానే అందరూ అడిగేది "ఎలా దొరికాడు?" అనే. నాకైతే ఈ కేసులో చెప్పుకోదగ్గ సంగతి వేరే ఉంది. ఎక్కడెక్కడ లేడో ముందు గట్టిగా తేల్చుకున్నాం కాబట్టి దొరికాడు. మాది జీతాల్లేని టీమ్, అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి, పోలీసులు పిలిస్తే వెళ్తాం. ఊరు, పేర్లు, తేదీ రాయడం లేదు, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. గుంత తీరు, తాళ్లు, మేం వేసిన లెక్కలు మాత్రం మార్చలేదు.

చోటు సంగతి. రాయి తీసి వదిలేసిన క్వారీ, పొడవు 180 మీటర్ల దాకా ఉంటుంది, వెడల్పు 90. లారీలు దిగడానికి వేసిన ర్యాంపు ఒక పక్క, మిగతా మూడు పక్కలా నిలువు రాయి. క్వారీ అడుగు చెరువు అడుగులా మెల్లగా దిగదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. ర్యాంపు దగ్గర మోకాలి లోతు, ఆ తర్వాత 5 మీటర్ల లోతులో ఒక వెడల్పాటి అరుగు, ఆ అరుగు అంచు దాటితే ఒక్కసారిగా 12 మీటర్లు. పని ఆగిపోయాక నీళ్లు నిండేలోపు అడుగున కంపచెట్లు మొలిచాయి, అవన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఎండు కొమ్మలతో అలాగే నిలబడి ఉన్నాయి. పాత ఇనుప రోప్ ముక్కలున్నాయి, చేపల గాలాలు తెగి చుట్టుకున్న నైలాన్ దారం ఉంది. పై రెండు మీటర్లలో చెయ్యి చాస్తే కనిపిస్తుంది, అడుగున మాత్రం మాస్క్‌కి ఆనించిన గేజ్ (ట్యాంకులో గాలి ఎంతుందో చూపే మీటర్) కూడా కనపడదు.

ఐదుగురు స్నేహితులు సాయంత్రం ఈతకి వచ్చారు. వాళ్లలో ఇరవై దాటిన కుర్రాడు ఒకడు ఎదురు రాతిగోడ దాకా ఈదుతానని బయల్దేరి మధ్యలో మునిగిపోయాడు. కేక వేశాడని ఒకరన్నారు, వెయ్యలేదని మిగతావాళ్లు. నేను వెయ్యలేదన్నవాళ్లనే నమ్ముతాను, మునిగేవాడికి ఊపిరి తీసుకోవడానికే టైమ్ చాలదు, ఇక కేక ఎక్కడ వేస్తాడు. చేతులు పక్కలకి చాచి నీళ్లని కిందికి తొక్కుతున్నట్టు కదిలిస్తాడు, దూరం నుంచి చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది.

మేం చేరింది మర్నాడు పొద్దున. అంటే మనిషిని బతికించే అవకాశం అప్పటికే లేదు. ఈ మాట టీమ్‌లో అందరూ నీళ్లలో దిగకముందే ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎంత రిస్క్ తీసుకోవచ్చన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. మంచులాంటి చల్లటి నీళ్లలో ఆశ ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది. 1986లో అమెరికాలోని యూటాలో రెండున్నరేళ్ల పాప 5 డిగ్రీల నీళ్లలో కనీసం 66 నిమిషాలు మునిగి ఉండి కూడా బతికింది, వైద్య పత్రికల్లో నమోదైన కేసు అది. అలాంటి నీళ్లలో పిల్లలు మునిగితే గంట దాటినా ఉరుకుతాం. ఇక్కడ పైన నీళ్లు 27 డిగ్రీలు, మునిగి ఒక రాత్రి గడిచింది. ఇలాంటి చోట డైవర్‌కి గీత పడినా ఆ గాలింపు లెక్కలోకి రాదని మా టీమ్‌లో అనుకుంటాం.

ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా గజ ఈతగాళ్లు వెతికారు. వాళ్ల ధైర్యాన్ని తక్కువ చెయ్యను, ట్యాంకు లేకుండా ఊపిరి బిగబట్టి అంత చీకట్లో దిగడం మామూలు విషయం కాదు. పాతాళ గరిగెలు, అంటే బావిలో పడ్డ బొక్కెనలు తీసే కొక్కేల గుత్తులు, కూడా తాడుకి కట్టి లాగారు. "ర్యాంపు ముందంతా వెతికేశాం సార్, అక్కడ లేడు" అన్నారు. ఏ గీత నుంచి ఏ గీత దాకా, అడుగు తగిలిందా లేదా, కంపల్లో చెయ్యి పెట్టారా అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. అలాంటప్పుడు ఆ చోటుని మా మ్యాప్‌లో వెతికినట్టు రాసుకోం. అలాగని అక్కడే మళ్లీ మొదలుపెట్టం. "వెతికారు, తేలలేదు" అని వేరే గుర్తు పెడతాం, అంతే.

గరిగెలు లాగడం మాత్రం ఆపించాం. కొక్కెం గుచ్చుకుంటే ఒంటి మీద గాయమవుతుంది, రేపు పోస్ట్‌మార్టం చేసే డాక్టర్‌కి అది ముందటి గాయమా తర్వాతదా అన్న తలనొప్పి, ఇంట్లోవాళ్లకి జీవితాంతం అనుమానం. పైగా మా డైవర్ కింద ఉండగా పైనుంచి కొక్కెం రావడమంటే ఊహించుకోండి.

గట్టు మీద పని

స్నేహితులు నలుగురినీ ఒకచోట నిలబెట్టి అడిగితే నలుగురూ ర్యాంపుకి పది పన్నెండు మీటర్ల దూరం చూపించారు, సరిగ్గా రాత్రి జనం వెతికిన చోటే. నాకు అనుమానం వచ్చిందే అక్కడ. నలుగురు నాలుగు చోట్ల ఉండి చూసినప్పుడు ఎంతోకొంత తేడా ఉండాలి. రాత్రంతా టార్చిలైట్లు ఎక్కడ తిరిగాయో చూసి చూసి అసలు చూసిన చోటు జ్ఞాపకంలోంచి జరిగిపోతుంది. అబద్ధం చెప్పడం లేదు పాపం, వాళ్లకి నిజంగా అలాగే గుర్తుంది.

అందుకని ఒక్కొక్కరినీ విడిగా తీసుకెళ్లాం. "తమ్ముడూ, ఎక్కడ మునిగాడో చెప్పొద్దు, ముందు నువ్వు ఎక్కడున్నావో అక్కడికి వెళ్లు. కూర్చునుంటే కూర్చో. చేతిలో ఫోన్ ఉంటే ఫోన్ పట్టుకో." ఇది వినడానికి నాటకంలా ఉంటుంది కానీ కంటి ఎత్తు మారితే నీళ్ల మీద దూరం అంచనా పూర్తిగా మారిపోతుంది. తర్వాత మా డైవర్ ఒకడు తల మాత్రమే బయటికి కనిపించేలా నీళ్లలో ఈదుతాడు, చూసినవాడు "ఎడమకి, ఇంకా అవతలికి, ఆగు" అని నడిపిస్తాడు. పడవని నిలబెట్టి అడగకూడదు, పడవ పెద్దగా కనిపించేసరికి దగ్గరున్నట్టు అనిపిస్తుంది. వాళ్లు చూసింది తలకాయని, మనమూ తలకాయనే చూపించాలి.

ఆగమన్నాక కంపాస్‌తో ఆ దిక్కు కొలుస్తాం. దిక్కు నమ్మొచ్చు, దూరం నమ్మకూడదు. నీళ్ల మట్టం నుంచి చూసేవాడు 30 మీటర్లకీ 50కీ తేడా చెప్పలేడు కానీ "ఆ గోడ మీద పగులు ఉంది చూడండి, దాని కిందే" అన్నాడంటే ఆ వరస దాదాపు తప్పదు. ర్యాంపు మీదున్న ఇద్దరి గీతలూ పక్కపక్కనే దాదాపు సమాంతరంగా వచ్చాయి, అంటే దిక్కు తెలిసింది, ఎంత దూరమో తెలియలేదు. మూడోవాడు గోడ మీద రాయి ఎక్కి కూర్చున్నాడు, పైనుంచి చూశాడు కాబట్టి కాస్త నయం, కానీ మునిగే క్షణంలో ఫోన్ చూసుకుంటున్నాడట. నాలుగోవాడు తనూ నీళ్లలోనే ఉన్నాడు, టెన్షన్‌లో ఏమీ గుర్తులేదు, అతన్ని ఇంకా గుచ్చి అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్తాడు, అది మాకు పనికిరాకపోగా తర్వాత అతన్నే బాధపెడుతుంది.

గీతలు రెండూ ఒకదానికొకటి అడ్డంగా తెగితేనే ఉపయోగం. అడ్డం నుంచి చూసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగుతూ పోతే, పొడవాటి గోడ మీద గాలం వేసుకు కూర్చునే పెద్దాయన ఒకరున్నారని తెలిసింది. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా తనంతట తాను రాలేదు. ఇంటికి మనిషిని పంపిస్తే వచ్చారు.

"బాబాయ్, ఆ టైమ్‌లో గాలం ఎటు వేశారు?"

"ఎప్పుడూ ఒకే చోటు బాబూ. అదిగో, ఆ వాలిన చెట్టు మొదలు, దాని వెనకాల గోడ మీద తెల్లమచ్చ, రెండూ ఒక వరసలో పెట్టుకుని వేస్తా. వాడు నా బెండుకి రవ్వంత ఇవతల ఉన్నాడు. చేపలు బెదురుతాయిరా అని తిడదామనుకున్నా, చూస్తే లేడు."

రెండు గుర్తుల్ని ఒక వరసలో పెట్టుకుని చెప్పిన సాక్ష్యానికి మించింది లేదు, అందులో అంచనా అంటూ ఏమీ ఉండదు. ఆయన గీత ర్యాంపు గీతల్ని దాదాపు నిలువుగా కోసింది. ఆ తెగిన చోటు రాత్రి వెతికిన చోటికి 35 మీటర్ల అవతల ఉంది, 5 మీటర్ల అరుగు అంచు మీద.

కదలని నీళ్లలో మనిషి మునిగితే దాదాపు నిలువునా దిగుతాడు. లోతు ఎంతో అంత వ్యాసార్ధంలో దొరుకుతాడన్నది గాలింపు టీమ్‌లు వాడే మోటు లెక్క. ఇక్కడ 12 మీటర్లు. దానికి సాక్షుల తేడా కలిపి 20 మీటర్ల వలయం గీశాం. నిలువు అంచు కాబట్టి అరుగు మీద పడినా జారి కిందికే పోయే అవకాశం ఎక్కువ, అందుకని అంచు కింద లోతు వైపు నుంచి మొదలుపెట్టాం.

సోనార్ (శబ్దం పంపి నీళ్ల అడుగుని తెర మీద చూపించే యంత్రం) తేలేదా అని అడుగుతారు. తెచ్చాం. పడవకి కట్టి వలయం మీదుగా మెల్లగా లాగాం. ఇసుక అడుగున్న జలాశయంలో అది అద్భుతమైన సాధనం, మనిషి ఆకారం కంటే దాని వెనక పడే నీడ చూసి గుర్తుపట్టొచ్చు. క్వారీలో మాత్రం మనిషంత రాళ్లు ఎక్కడ పడితే అక్కడుంటాయి, కంపలు నీడని చెరిపేస్తాయి. తెర మీద అనుమానంగా కనిపించినవన్నీ రాళ్లే అయ్యాయి. అయినా దానివల్ల ఒక మేలు జరిగింది, అరుగు అంచు ఎటు తిరిగిందో, కంపలు ఎక్కడ దట్టమో ముందే తెలిసింది. అయితే సోనార్‌లో కనపడలేదు కాబట్టి ఇక్కడ లేడు అని మాత్రం ఒక్క అడుగు కూడా కొట్టెయ్యలేదు.

నీళ్ల కింద

పద్ధతి ఎంచుకోవడంలో కంపలదే ఆఖరి మాట. మధ్యలో లంగరేసి చుట్టూ తిరిగే పద్ధతి తేలిక, కానీ బిగుసుకున్న తాడు కంపలకి తట్టుకోగానే గుండ్రం కాస్తా వంకర పోతుంది, పైన ఉన్నవాళ్లకి తెలియదు. అందుకని అడుగున రెండు సీసపు బరువుల మధ్య 25 మీటర్ల తాడు పరిచి దాని వెంట వెతికాం. డైవర్ ఒక చెయ్యి తాడు మీద పెట్టి రెండో చేత్తో పక్కన నేలంతా తడుముకుంటూ చివరిదాకా వెళ్తాడు, అక్కడి బరువుని మీటర్ అవతలికి జరుపుతాడు, తిరిగొచ్చి ఈ చివర కూడా అంతే జరుపుతాడు. మీటరే ఎందుకంటే ఏమీ కనపడనప్పుడు చూపు అంటే చెయ్యే, చెయ్యి ఎంత చాస్తే అంతే.

డైవర్ ఒంటికి కట్టిన వేరే తాడు పడవలో ఉన్న మనిషి చేతిలో ఉంటుంది. ఒక లాగు అంటే బాగున్నావా, జవాబు ఒక లాగు. రెండు అంటే తాడు వదులు. మూడు అంటే దొరికింది. నాలుగూ అంతకంటే ఎక్కువా అంటే సాయం కావాలి. ఈ లెక్కలు టీమ్‌కీ టీమ్‌కీ మారతాయి, అందుకే వేరే టీమ్‌తో కలిసి పనిచేసేటప్పుడు దిగేముందు గట్టు మీద నిలబడి లాగి చూసుకుంటాం. కింద ఉన్నవాడికి పైన ప్రపంచమంటే ఆ తాడే. ఇంకో డైవర్ ట్యాంకు తగిలించుకుని, ఫిన్స్ వేసుకుని, మాస్క్ మెడ మీద పెట్టుకుని పడవ అంచునే కూర్చుంటాడు, కింది డైవర్ బయటికొచ్చేదాకా వేరే ఏ పనీ ముట్టుకోడు. కత్తి కంటే కత్తెర ముఖ్యమని కొత్తవాళ్లకి పదేపదే చెప్తాం, చుట్టుకున్న నైలాన్ దారాన్ని చీకట్లో కత్తితో కొయ్యడం కష్టం, కత్తెర అయితే ఒక చేత్తో పనైపోతుంది, మన గొట్టాలు కోసుకునే భయమూ తక్కువ.

గాలి లెక్క పైనున్నవాళ్లే వేస్తారు. 12 లీటర్ల ట్యాంకు 200 బార్ ఒత్తిడితో (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి) నింపితే 2400 లీటర్ల గాలి. కష్టపడుతున్న డైవర్ పైన నిమిషానికి 25 లీటర్లు పీలుస్తాడనుకుంటే 12 మీటర్ల కింద ఒత్తిడి 2.2 రెట్లు, అంటే నిమిషానికి 55. మూడో వంతు ముట్టుకోకుండా పక్కన పెడితే 29 నిమిషాలు మిగులుతుంది, మేం 20కే బయటికి లాగేస్తాం. 12 మీటర్ల లోతులో డీకంప్రెషన్, అంటే పైకి వచ్చేటప్పుడు ఒంట్లో గాలి బుడగలు కట్టడం, పెద్ద సమస్య కాదు. చలీ చీకటీ కలిసి ఏకాగ్రతని తినేస్తాయి, అసలు ఇబ్బంది అదే. పైన వెచ్చగా ఉన్న నీళ్లు 6 మీటర్లు దాటగానే ఒక్కసారిగా చల్లబడి అడుగున 18 డిగ్రీలున్నాయి, ఇరవై నిమిషాల తర్వాత చెయ్యి కదులుతూనే ఉంటుంది కానీ దానికి ఏం తగులుతోందో బుర్ర పట్టించుకోదు.

దీనికే మాకొక అలవాటుంది. పాత ప్యాంటులో తడి ఇసుకా గుడ్డలూ కూరి కుట్టింది ఒకటి పెట్టుకున్నాం. డైవర్‌కి చెప్పకుండా పడవలోవాళ్లు దాన్ని వరసలో ఎక్కడో దించుతారు. డైవర్ దాన్ని పట్టుకుంటేనే ఆ వరస వెతికినట్టు. కొందరు డైవర్లకి ఇది మొదట్లో అవమానంలా అనిపిస్తుంది. ఆ రోజు కంపలు దట్టంగా ఉన్న వరసలో మాలో బాగా అనుభవమున్న డైవర్ చెయ్యి ఆ ప్యాంటు పక్కనుంచే వెళ్లిపోయింది. కొమ్మల పైనుంచి తడిమాడు, కింద సందులోకి చెయ్యి పోలేదు. ఆ వరసని కొట్టేసి, కంపల్లో వేలి ముందున్న ప్రతి సందులోకీ మోచేతి దాకా చెయ్యి పెట్టాలని మార్చుకుని మళ్లీ వెతికాం. టైమ్ రెట్టింపైంది.

గట్టు మీద ఓపిక అయిపోయింది మరి. మునిగిన కుర్రాడి అన్న వచ్చి "అన్నా, ర్యాంపు దగ్గర చూడండన్నా, అందరూ అక్కడే అంటున్నారు" అన్నాడు. ఇంకెవరో "ఎందుకీ అవస్థ, మూడో రోజుకి తనే తేలతాడు" అన్నారు. తేలే మాట కొంత నిజమే. లోపల కుళ్లి గ్యాస్ పుడితే శరీరం పైకి లేస్తుంది, వెచ్చని లోతు తక్కువ నీళ్లలో రెండు మూడు రోజులకే జరగొచ్చు. కింద చల్లగా ఉంటే ఆ గ్యాస్ నెమ్మదిగా పుడుతుంది, లోతున్న చోట నీటి ఒత్తిడి దాన్ని నొక్కేస్తుంది, పైగా ఇక్కడ కంపలూ రోప్‌లూ పట్టుకుంటే అసలు లేవకపోవచ్చు. మొసళ్లున్న చోట, తూము గేట్ల దగ్గర నీళ్లు లాగుతున్న చోట ఆగడమే తెలివైన పని, నేనే ఆపించిన సందర్భాలున్నాయి. ఇక్కడ ఆగడానికి కారణం లేదు. అన్నకి మ్యాప్ చూపించాను. "తమ్ముడూ, ఈ రంగు వేసిన చోట లేడని నేను సంతకం పెట్టి చెప్తా. ర్యాంపు దగ్గర లేడని చెప్పలేను, అక్కడికీ వస్తాం, దీని తర్వాతే." సాయంత్రానికి దొరుకుతాడని మాత్రం అనలేదు. గట్టు మీద ఎవరికీ టైమ్ చెప్పకూడదన్నది మా టీమ్‌లో కచ్చితమైన రూలు.

దొరికాక

మధ్యాహ్నం తాడు మూడు సార్లు లాగింది. అరుగు అంచు కింద, గోడకి రెండు మీటర్ల ఇవతల, కంపలకీ రాయికీ మధ్య. తెగిన గీతల చోటికి 9 మీటర్ల దూరం. డైవర్ చేతికి మొదట తగిలింది మడమ. బోర్లా, మోకాళ్లు కొంచెం ముడిచి, చేతులు ముందుకి, నీళ్లలో చాలామంది అలాగే ఉంటారు. కాలికి ఏదైనా చుట్టుకుందా అని డైవర్ తడిమి చూశాడు, ఏమీ లేదు.

వెంటనే పైకి తీసుకురాం. ముందు డైవర్ బోయా (చోటు గుర్తుకి నీళ్ల మీద తేలే బుంగ) వదులుతాడు, పైనవాళ్లు జీపీఎస్ రాసుకుంటారు. ఫొటో తీసే వీలు లేదు కాబట్టి డైవర్ చేత్తో తెలుసుకున్నదంతా, తల ఎటు, చేతులు ఎలా, ఒంటి మీద ఏముంది, పైకి రాగానే ఇంకెవరితోనూ మాట్లాడకముందే చెప్పి రాయిస్తాడు. తర్వాత రెండో డైవర్ సంచితో దిగుతాడు. నీళ్లు కారిపోయే వలసంచి అది, నీళ్ల కిందే శరీరాన్ని అందులోకి చేర్చి జిప్ వేస్తాం. గోళ్ల కింద, జేబుల్లో ఏమున్నా అలాగే రావాలి. చూసేవాళ్లకీ అది మర్యాద. నీళ్లలో మనిషి బరువు కొన్ని కిలోలే, ఎత్తడానికి బలం అక్కర్లేదు. పడవలోకి తీసుకునేటప్పుడే బరువంతా తెలుస్తుంది.

ర్యాంపు మీద జనం, అందరి చేతుల్లో ఫోన్లు. పడవని అటు తీసుకెళ్లలేదు, పోలీసులు ముందే ఖాళీ చేయించిన మూలకి తీసుకెళ్లి తెర కట్టించాం. అంతకంటే ముందు మాలో ఒకరు అన్న దగ్గరికి వెళ్లి పక్కకి పిలిచి చెప్పారు. "దొరికాడు తమ్ముడూ." పేరు పెట్టి చెప్తాం, బాడీ అనే మాట వాడం. ఏ చోట అని అతను అడిగాడు, చూపించాం. వాళ్ల అమ్మకి తనే చెప్తానన్నాడు, చెప్పనిచ్చాం.

డైవర్ల సామాను, సూట్లు అక్కడే మంచినీళ్లతో, క్రిమిసంహారకంతో కడిగాం. ముట్టుకున్న ఇద్దర్నీ ఆ సాయంత్రం ఒంటరిగా బండి నడపనివ్వలేదు. కళ్లతో చూసినది కొన్నాళ్లకి మసకబారొచ్చేమో కానీ చేత్తో తెలిసినది వేరే రకంగా గుర్తుంటుంది, చీకటి నీళ్లలో పనిచేసే డైవర్లు చాలామంది ఇదే చెప్తారు. రాత్రి ఫోన్ చేసి తిన్నావా, పడుకున్నావా అని అడిగే బాధ్యత ఒకరికి అప్పగిస్తాం, ఆ అడిగే మనిషి ఆ రోజు నీళ్లలో దిగనివాడై ఉండాలి.

పోలీసులకి ఇచ్చిన కాగితాల్లో గాలింపు మ్యాప్, సాక్షుల దిక్కుల గీతలు, ప్రతి వరసా ఎవరు ఎప్పుడు ఎంతసేపు వెతికారన్న పట్టీ ఉన్నాయి. కొట్టేసిన వరసని కొట్టేసినట్టే ఉంచాం, పక్కన మళ్లీ వెతికిన టైమ్ రాశాం. ర్యాంపు ముందున్న చోటు "వెతికారు, తేలలేదు" గుర్తుతోనే మిగిలింది. చదివిన అధికారి, మనిషి దొరికాడు కదా, దాన్ని కూడా వెతికినట్టు రాసెయ్యొచ్చుగా అన్నారు. అక్కడ మా వాళ్లెవరూ దిగలేదని చెప్పి అలాగే సంతకం పెట్టి ఇచ్చాం.